జన్యువు లేదని రాసే ముందు: ఏకకణ శైవలాల హరితరేణువుల్లో ఖాళీ గడులు

ఏకకణ శైవలం ఒకదాని హరితరేణువు జీనోమ్ (అందులోని మొత్తం డీఎన్ఏ) కొత్తగా చదివి బయటపెట్టినప్పుడల్లా దాంతోపాటు ఒక పట్టిక వస్తుంది. ఒక పక్క జన్యువుల పేర్లు, పైన జీవుల పేర్లు, జన్యువు ఉన్న గడిలో చుక్క, లేని గడి ఖాళీ. ఆ ఖాళీలు చూసి ఈ శాఖలో ఈ జన్యువు పోయిందని పరిణామక్రమం రాసేస్తుంటారు. హరితరేణువుల జన్యు పరిణామం గురించి జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఆ ఖాళీ గడిలోనే పుడతాయని నా అభిప్రాయం. జన్యువు నిజంగానే నశించి ఉండొచ్చు. కేంద్రకానికి తరలిపోయి ఉండొచ్చు. ఉన్నచోటే ముక్కలై పడి ఉండొచ్చు. దాని పనిని వేరే ప్రోటీన్ అందుకుని ఉండొచ్చు. ఇవేవీ కాక, మనమే డీఎన్ఏను సరిగ్గా చదవకపోయి ఉండొచ్చు. వీటిని ఒకదాన్నుంచి ఒకటి ఎలా విడదీయాలో, ఎక్కడ ఏది ఎందుకు తప్పుతుందో, ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే ఆకుపచ్చ ఏకకణ శైవలం క్లామిడోమోనాస్ రైన్‌హార్టియైని మధ్యలో పెట్టుకుని రాస్తున్నాను.

ముందు అంకెలు. హరితరేణువు ఒకప్పుడు స్వతంత్రంగా బతికిన సయనోబాక్టీరియా (కిరణజన్య సంయోగక్రియ చేసే బాక్టీరియా). ఇప్పుడున్న వాటిలో దానికి అతి దగ్గరి చుట్టం గ్లియోమార్గరీటా లిథోఫోరా అని 2017లో తేలింది. మెక్సికోలోని అల్చిచికా సరస్సు రాళ్ల మీద దొరికిన జీవి అది. సయనోబాక్టీరియాల్లో మొదట పూర్తిగా చదివిన సినెకోసిస్టిస్‌లో (1996) సుమారు 3,200 జన్యువులు ఉన్నాయి. ఎర్ర శైవలం పోర్ఫైరా పర్‌ప్యూరియా హరితరేణువులో 250 దాకా మిగిలాయి. క్లామిడోమోనాస్‌లో 99. అంటే మూల జీవి జన్యువుల్లో నూటికి మూడో నాలుగో మిగిలాయన్నమాట.

జన్యువుల సంఖ్యకూ జీనోమ్ పొడవుకూ పొంతన వెతకకండి. ఆస్ట్రియోకాకస్ టౌరీ హరితరేణువు జీనోమ్ పొడవు 71,666 బేస్‌లు (డీఎన్ఏ అక్షరాలు), అందులో 86 జన్యువులు. క్లామిడోమోనాస్‌ది సుమారు 2,05,000 బేస్‌లు. హెమటోకాకస్ లాకుస్ట్రిస్‌ది ఏకంగా 13.5 లక్షల బేస్‌లు. పొడవు దాదాపు పంతొమ్మిది రెట్లు పెరిగినా జన్యువులు ఆ లెక్కన పెరగలేదు. పెరిగిందంతా జన్యువుల మధ్య ఖాళీ స్థలం, అందులో పదేపదే వచ్చే చిన్న చిన్న పునరుక్తులు. క్లామిడోమోనాస్‌లో ఈ పునరుక్తులే జీనోమ్‌లో ఐదో వంతు పైన ఆక్రమిస్తాయి. 'పెద్ద జీనోమ్ కాబట్టి ప్రాచీనమైనది' అనే వాదన ఎక్కడైనా కనిపిస్తే అక్కడితో చదవడం ఆపేయొచ్చు.

ఇక చేతిపని. పట్టికలో తప్పుకు బీజం చాలాసార్లు ఫ్లాస్కులోనే పడుతుంది. క్లామిడోమోనాస్‌ను సాధారణంగా ట్రిస్-ఎసిటేట్-ఫాస్ఫేట్ మాధ్యమంలో, పీహెచ్ 7.0 దగ్గర, 25 డిగ్రీల సెల్సియస్‌లో పెంచుతారు. ఎసిటేట్ ఉంటే శైవలం త్వరగా పెరుగుతుంది, దాంతోపాటు బాక్టీరియా ఇంకా త్వరగా పెరుగుతుంది. ఫ్లాస్కు పచ్చగా కనిపించినంత మాత్రాన శుద్ధ వర్ధనం అనుకోకూడదు. కాస్త తీసి బాక్టీరియా పెరిగే అగర్ ప్లేటు మీద పూసి, చీకట్లో రెండు మూడు రోజులు ఉంచి చూడాలి. ఎందుకింత జాగ్రత్త అంటే, హరితరేణువు జన్యువులు పుట్టిందే బాక్టీరియా నుంచి. కలుషితమైన బాక్టీరియా తాలూకు టఫ్-ఏ జన్యువో ఆర్‌పీవో-బీ జన్యువో మన శోధనలో హరితరేణువు జన్యువులాగే తగులుతుంది. లేనిది ఉన్నట్టు కనిపిస్తుంది. కలిసింది సయనోబాక్టీరియా అయితే విడదీయడం మరీ కష్టం.

కణాలు మిల్లీలీటరుకు 50 లక్షల దగ్గర ఉన్నప్పుడు 100 మిల్లీలీటర్లు తీస్తే 50 కోట్ల కణాలు వస్తాయి. కోతకు ముందు ఓ రాత్రి చీకట్లో ఉంచితే పిండి పదార్థం తగ్గుతుంది. లేకపోతే ఆ పిండి డీఎన్ఏతో పాటు అవక్షేపమై, కరగని జిగట ముద్దగా మిగిలి, ఆపైన వాడే ఎంజైములను పని చేయనివ్వదు. కేంద్రక జీనోమ్ 11.1 కోట్ల బేస్‌లు. హరితరేణువు జీనోమ్ ప్రతులు కణానికి సుమారు 80, అంటే 80 రెట్లు 2,05,000, మొత్తం 1.64 కోట్ల బేస్‌లు. రెండూ కలిపితే కణానికి 12.74 కోట్ల బేస్‌లు, బరువులో 0.13 పికోగ్రాము. 50 కోట్ల కణాలకు లెక్క ప్రకారం 65 మైక్రోగ్రాముల డీఎన్ఏ రావాలి. చేతికి అందేది అందులో కొంతే అయినా సీక్వెన్సింగ్‌కు ధారాళంగా సరిపోతుంది.

ఈ కూడికను పక్కన రాసి పెట్టుకోండి, తర్వాత చాలా చోట్ల అక్కరకొస్తుంది. మొత్తం డీఎన్ఏలో హరితరేణువు వాటా 13 శాతం. 200 కోట్ల బేస్‌లు చదివిస్తే కేంద్రకంలోని ప్రతి చోటునూ సగటున 16 సార్లు, హరితరేణువులోని ప్రతి చోటునూ 1,250 సార్లు చదివినట్టవుతుంది. ఒక ముక్క హరితరేణువుదా, కేంద్రకంలోకి చేరిన దాని నకలా అన్న ప్రశ్నకు ఈ లోతుల (ఎన్నిసార్లు చదివామన్న లెక్కల) తేడా కంటే తేలికైన పరీక్ష లేదు. 1,250 దగ్గర ఉంటే హరితరేణువు. 16 దగ్గర ఉంటే కేంద్రకం. 2,500 దగ్గర ఉంటే విలోమ పునరుక్తి, అంటే జీనోమ్‌లో ఎదురెదురు దిశల్లో రెండుసార్లు వచ్చే భాగం. చదివిన ముక్కలను అతికించే అసెంబ్లీ ప్రోగ్రాం ఆ రెండింటినీ ఒకటిగా కుదించేసిందన్నమాట. ఏ లెక్కకూ అందని లోతులో ఉంటే కాలుష్యాన్ని అనుమానించాలి.

క్లామిడోమోనాస్‌లో ఆ విలోమ పునరుక్తి ఒక్కొక్కటి సుమారు 22,000 బేస్‌లు. అది ఉన్నందువల్ల జీనోమ్ రెండు రూపాల్లో ఉంటుంది, మధ్యనున్న భాగం ఒక రూపంలో ఒక దిశలో, రెండో రూపంలో తలకిందులుగా. రెండు రూపాలూ ఒకే కణంలో దాదాపు సమానంగా ఉంటాయి. రెండు జీవుల జీనోమ్‌లను పోల్చి 'ఇక్కడ పెద్ద తలకిందులు మార్పు జరిగింది' అని రాసే ముందు ఇది చూసుకోవాలి. ఒకరు ఒక రూపాన్ని, ఇంకొకరు రెండో రూపాన్ని డేటాబేసులో పెట్టి ఉండొచ్చు. అది పరిణామం కాదు. 150 బేస్‌ల చిన్న రీడ్లతో (యంత్రం ఒక్కసారి చదివే ముక్కలతో) ఈ ముడి విప్పలేం. 22,000 దాటిన పొడవాటి రీడ్లు కావాలి. గెట్ఆర్గనెల్, నోవోప్లాస్టీ లాంటి ప్రోగ్రాంలు మొక్కల హరితరేణువులకు బాగా పని చేస్తాయి. క్లామిడోమోనాస్ బంధువుల దగ్గరకొచ్చేసరికి పునరుక్తుల దగ్గర తెగిపోతుంటాయి. తెగిన ప్రతి చివరా ఒక జన్యువును మింగేయగలదు. కాబట్టి వలయాకారపు జీనోమ్ పూర్తిగా మూసుకోనంత వరకు పట్టికలో ఏ గడినీ ఖాళీగా వదలకూడదు. అక్కడ ప్రశ్నార్థకం పెట్టడమే సరైన పని.

జీనోమ్ పూర్తయ్యాక జన్యువులను గుర్తించేటప్పుడు అసలు పరీక్ష మొదలవుతుంది. పీఎస్‌ఏ-ఏ అనే జన్యువును తీసుకుందాం. మొదటి ఫోటోసిస్టమ్ (కాంతిని పట్టే ప్రోటీన్ల గుంపు) గుండెకాయలాంటి ప్రోటీన్‌కు ఆధారం అది. అది లేకుండా కిరణజన్య సంయోగక్రియ చేసే శైవలం ఉండదు. మొక్కల్లో ఇది దాదాపు 2,250 బేస్‌ల ఒకే ముక్క. క్లామిడోమోనాస్‌లో మూడు ముక్కలు, జీనోమ్‌లో ఒకదానికొకటి దూరంగా, వేర్వేరు చోట్ల. మూడూ విడివిడిగా ఆర్ఎన్ఏలుగా చదవబడి, ఆ తర్వాత ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. మొదటి రెండు ముక్కలు అతుక్కోవాలంటే టీఎస్‌సీ-ఏ అనే నాలుగో చిన్న ఆర్ఎన్ఏ ఇంకెక్కడినుంచో వచ్చి మధ్య ఇంట్రాన్‌ను (చివరికి కత్తిరించి తీసేసే భాగాన్ని) పూర్తి చేయాలి. ఈ అతుకు పనికి కేంద్రకం నుంచి పది పైగా ప్రోటీన్లు కావాలి. మొదటి ముక్క పొడవు వంద బేస్‌లు కూడా ఉండదు. మొక్కల జన్యువులను ఆధారంగా పెట్టుకున్న గుర్తింపు ప్రోగ్రాం చివరి పెద్ద ముక్కను పట్టుకుని, మొదట్లో ప్రారంభ కోడాన్ (ప్రోటీన్ మొదలయ్యే చోటు చెప్పే మూడక్షరాల గుర్తు) లేదు కాబట్టి చచ్చిన జన్యువు అని రాసేస్తుంది. ఆ మాట నమ్మితే, ఎండలో హాయిగా పెరిగే శైవలానికి ఫోటోసిస్టమ్ లేదని ఒప్పుకోవాల్సి వస్తుంది.

డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ చేసే ఎంజైమ్ ఆర్ఎన్ఏ పాలిమరేజ్. దాని జన్యువులది ఇంకో తీరు. ఆర్‌పీవో-బీ, ఆర్‌పీవో-సీ1 రెండూ క్లామిడోమోనాస్‌లో రెండేసి చదువు చట్రాలుగా (ప్రోటీన్‌గా అనువాదమయ్యే వరుసలుగా) చీలి ఉన్నాయి. ఇక్కడ ఆర్ఎన్ఏలు అతుక్కోవు. పొడవు తక్కువగా ఉందని చీలిన సగాన్ని అవశేషంగా రాయడం మామూలుగా జరిగే తప్పు. మిగతా సగం ఎక్కడుందో వెతికి, రెండూ కలిపి పూర్తి ప్రోటీన్‌తో పొంతన చూడాలి.

చిన్న జన్యువుల గొడవ వేరు. పీఎస్‌బీ-టీ ప్రోటీన్‌లో 31 అమైనో ఆమ్లాలే. చదువు చట్రాలు వెతికే ప్రోగ్రాంలలో కనీస పొడవు తరచుగా 100 అమైనో ఆమ్లాలని పెట్టి ఉంటుంది, కాబట్టి ఇలాంటివి మొదట్లోనే రాలిపోతాయి. పరిమితిని 25కు దించినా, ఇంత చిన్న ప్రోటీన్‌కు వరుసలను పోల్చే బ్లాస్ట్ ప్రోగ్రాం ఇచ్చే మార్కులు గట్టిగా ఉండవు. అప్పుడు ఇరుగుపొరుగును చూడాలి. పీఎస్‌బీ-బీ, పీఎస్‌బీ-టీ, పీఎస్‌బీ-ఎన్, పీఎస్‌బీ-హెచ్ పక్కపక్కనే ఉండే గుంపు చాలా ఆకుపచ్చ శైవలాల్లో చెక్కుచెదరలేదు. పీఎస్‌బీ-బీ తర్వాత ఉన్న ఖాళీలో 31 అమైనో ఆమ్లాల చట్రం, మొదట్లో పొరలో ఇమిడే నీటిపడని భాగం కనిపిస్తే అది పీఎస్‌బీ-టీయే అని ధైర్యంగా రాయొచ్చు.

యూగ్లినా గ్రాసిలిస్ అనే ఏకకణ జీవి దగ్గరకు వెళితే ఇంట్రాన్లే అడవిలా ఉంటాయి. 1,43,170 బేస్‌ల జీనోమ్‌లో సుమారు 150 ఇంట్రాన్లు, కొన్ని చోట్ల ఇంట్రాన్ లోపల ఇంకో ఇంట్రాన్. లోపలిది ముందు తొలగితే తప్ప బయటిది తొలగదు. ఇలాంటి చోట డీఎన్ఏ ఒక్కటే చూసి సరిహద్దులు గీస్తే సగం తప్పులే. ఆర్ఎన్ఏ రీడ్లు పక్కన పెట్టుకోవాల్సిందే. అయితే ఆ ఆర్ఎన్ఏ లైబ్రరీని పాలీ-ఏ తోకతో (చివరన వరుసగా వచ్చే ఏ అక్షరాలతో) ఏరి తయారు చేయించకూడదు. హరితరేణువు సందేశ ఆర్ఎన్ఏలకు కేంద్రకం వాటికున్నట్టు స్థిరమైన పాలీ-ఏ తోక ఉండదు. అందులో తోక తగిలించడం చాలావరకు ఆ ఆర్ఎన్ఏను విచ్ఛిన్నం చేయడానికి గుర్తు. పాలీ-ఏ లైబ్రరీలో హరితరేణువు జన్యువు కనిపించలేదంటే అది పని చేయడం లేదని అర్థం కాదు, మనమే బయట పారబోశామని అర్థం. రైబోసోమ్ ఆర్ఎన్ఏను తొలగించే పద్ధతిలో లైబ్రరీ చేయించండి.

పెరిడినిన్ అనే రంగుపదార్థం ఉన్న డైనోఫ్లాజెల్లేట్లలో (ఇవీ ఏకకణ శైవలాలే) ఒకే పెద్ద జీనోమ్ వలయం అంటూ ఉండదు. హెటెరోకాప్సా ట్రైక్వెట్రాలో 1999లో బయటపడిన సంగతి ఇది. రెండు మూడు వేల బేస్‌ల బుల్లి వలయాలు, ఒక్కోదానిలో సాధారణంగా ఒకే జన్యువు. మొత్తం కలిపినా ప్రోటీన్ జన్యువులు ఇరవై లోపే. మిగతావి కేంద్రకంలో ఉన్నాయి. పెద్ద వలయం కోసం వెతికే ప్రోగ్రాంకు ఇక్కడ ఏమీ దొరకదు. పైగా వీటిలో ఆర్ఎన్ఏలోని బేస్‌లను చదివాక మార్చే అలవాటు ఉంది, సందేశానికి పాలీ-ఏ బదులు పాలీ-యూ తోక ఉంటుంది. డీఎన్ఏలో స్టాప్ కోడాన్ కనిపించినా ఆర్ఎన్ఏలో అది సరై ఉండొచ్చు. ఇంకో జాగ్రత్త కూడా. 2008లో వర్ణించిన క్రోమెరా వెలియా అనే శైవలం హరితరేణువులో యూజీఏ కోడాన్ ముగింపు కాదు, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లానికి గుర్తు. హరితరేణువులకు మామూలుగా వాడే పదకొండో నంబరు కోడ్ పట్టికతో అనువదిస్తే జన్యువుల మధ్యలో స్టాప్‌లు వచ్చి పడతాయి. ఆ స్టాప్‌లన్నీ యూజీఏలే అయి, ఇతర జీవుల్లో ట్రిప్టోఫాన్ ఉండే చోట్లలోనే పడుతుంటే, మార్చాల్సింది కోడ్ పట్టిక.

ఇవన్నీ దాటాక కూడా గడి ఖాళీగా ఉంటే కేంద్రకం తలుపు తట్టాలి. దీనికి మేలైన ఉదాహరణ టఫ్-ఏ. ప్రోటీన్ తయారీలో టీఆర్ఎన్ఏను రైబోసోమ్ దగ్గరకు చేర్చే కారకానికి ఆధారం ఇది. క్లామిడోమోనాస్ లాంటి చాలా ఆకుపచ్చ శైవలాల్లో ఇంకా హరితరేణువులోనే ఉంది, వాటి జాతులను గుర్తించే బార్‌కోడ్‌గానూ వాడుతున్నారు. నేల మొక్కల వైపు వెళ్లిన శాఖలో కేంద్రకానికి మారింది. అరబిడాప్సిస్ మొక్క కేంద్రకంలో ఉన్న ఈ జన్యువు హరితరేణువు నుంచి వచ్చిందేనని 1990లో రుజువైంది. ఆ శాఖకు చెందిన శైవలం కోలియోకీటీలో మాత్రం హరితరేణువులో ఒక ప్రతి మిగిలి ఉంది. అయితే అది బాగా మారిపోయి ఉంది. తరలింపు ఒక్క గెంతు కాదు, కొంతకాలం రెండు చోట్లా ప్రతులుంటాయని దీన్నిబట్టి తెలుస్తుంది.

తరలిన జన్యువును వెతికేటప్పుడు డీఎన్ఏను డీఎన్ఏతో పోలిస్తే దొరకదు. క్లామిడోమోనాస్ హరితరేణువులో జీ, సీ అక్షరాల వాటా సుమారు 34.5 శాతం, కేంద్రకంలో 64 శాతం. తరలిన జన్యువు కాలక్రమంలో కేంద్రకం తీరుకు వచ్చేస్తుంది, ప్రతి కోడాన్ మూడో స్థానం ఏ, టీల నుంచి జీ, సీలకు మారుతుంది. ప్రోటీన్ వరుస మాత్రం నిలుస్తుంది. కాబట్టి ప్రోటీన్ ప్రొఫైల్‌తో (బంధువుల ప్రోటీన్ వరుసల నుంచి చేసిన నమూనాతో), ఆరు చట్రాల్లో అనువదించిన కేంద్రక జీనోమ్‌లో వెతకాలి. తగిలిన తర్వాత నాలుగు సాక్ష్యాలు చూస్తాను. చదివిన లోతు 16 దగ్గర ఉండాలి. అదే కాంటిగ్ (రీడ్లను అతికించగా వచ్చిన డీఎన్ఏ ముక్క) మీద అటూ ఇటూ కేంద్రక జన్యువులు ఉండాలి. కేంద్రక తరహా ఇంట్రాన్లు ఉంటే ఇంకా మంచిది. ప్రోటీన్ మొదట్లో, హరితరేణువులోకి దారి చూపే అదనపు తోక ఉండాలి. నాలుగోదే ఎక్కువగా మోసం చేస్తుంది. క్లామిడోమోనాస్‌లో హరితరేణువు తోకలు మైటోకాండ్రియా తోకలను పోలి ఉంటాయి. మొక్కల మీద శిక్షణ పొందిన ప్రోగ్రాంలు వీటిని మైటోకాండ్రియాకు పంపేస్తాయి. ఆకుపచ్చ శైవలాల కోసమే చేసిన ప్రెడ్‌ఆల్గో వాడటం మంచిది. డయాటమ్‌లు అనే శైవలాల్లో హరితరేణువు చుట్టూ నాలుగు పొరలు కాబట్టి తోక రెండు భాగాలుగా ఉంటుంది. మొదటిది స్రావక మార్గంలోకి, రెండోది హరితరేణువులోకి. రెండింటి అతుకు దగ్గర ఫినైల్‌అలనైన్ ఉందో లేదో చూడాలి.

లోతు 16 ఉండి, వరుస హరితరేణువుదానితో అక్షరం అక్షరం సరిపోయి, తోక లేకపోతే అది తరలిన జన్యువు కాదు, కేంద్రకంలో వచ్చి పడిన మృత నకలు. పని చేయాలంటే కేంద్రక ప్రమోటర్ (జన్యువు పనిని మొదలెట్టించే వరుస), తోక, ముగింపు సంకేతం అన్నీ దొరకాలి. డీఎన్ఏ వచ్చి పడటం మొదటి మెట్టు మాత్రమే. ఆ మొదటి మెట్టు కూడా అన్ని జీవుల్లో ఒకేలా జరగదు. పొగాకులో ప్రయోగం చేస్తే సుమారు 16,000 పుప్పొడి రేణువులకు ఒకదానిలో హరితరేణువు డీఎన్ఏ కేంద్రకంలోకి చేరినట్టు 2003లో తేలింది. అదే ఏడాది క్లామిడోమోనాస్‌లో కోట్లాది కణాలను జల్లెడ పట్టినా ఒక్క తరలింపూ చిక్కలేదు. కారణం తేలికగానే అర్థమవుతుంది. డీఎన్ఏ బయటికి రావాలంటే హరితరేణువు పగలాలి. మొక్క కణంలో హరితరేణువులు చాలా ఉంటాయి, ఒకటి పగిలితే నష్టం లేదు. క్లామిడోమోనాస్‌లో గిన్నె ఆకారపు హరితరేణువు ఒక్కటే ఉంది, అది పగిలితే కణమే చస్తుంది. ఒకే హరితరేణువున్న జీవుల కేంద్రకాల్లో ఇలాంటి మృత నకళ్లు తక్కువగా ఉండటం ఈ వాదనకు బలం. కాబట్టి ఇలాంటి ఏకకణ శైవలంలో ఇటీవలే తరలిందని రాయడానికి మామూలు కంటే గట్టి సాక్ష్యం కావాలి.

కొన్ని జన్యువులు అసలెందుకు తరలవు అన్నదానికి రెండు వివరణలు ఎక్కువగా వినిపిస్తాయి. పొరల్లో ఇమిడే నీటిపడని ప్రోటీన్లను బయట తయారు చేసి లోపలికి దూర్చడం కష్టమన్నది ఒకటి. ఎలక్ట్రాన్ల ప్రవాహాన్ని బట్టి అక్కడికక్కడే జన్యువులను నియంత్రించుకోవాలన్నది జాన్ అలెన్ ప్రతిపాదించిన రెండోది. పీఎస్‌బీ-ఏ లాంటి వాటికి రెండూ సరిపోతాయి. కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే ఎంజైమ్ రుబిస్కో. దాని పెద్ద ఉపభాగానికి ఆధారమైన ఆర్‌బీసీ-ఎల్ పొరలో ఇమిడేది కాదు, ఎలక్ట్రాన్లను మోసేదీ కాదు. అయినా ఆకుపచ్చ శైవలాల్లో హరితరేణువును వదల్లేదు. 1994లో పొగాకులో దాన్ని కేంద్రకంలో పెట్టి చూస్తే రుబిస్కో మామూలు మొక్కలో ఉన్నదానిలో 3 శాతం దగ్గరే తయారైంది. ఒకే సూత్రంతో అన్నిటినీ వివరించే ప్రయత్నం నాకు నచ్చదు. జన్యువు జన్యువుకూ విడి కారణం ఉండొచ్చు.

పనిని వేరొకరు అందుకున్న సందర్భాలు తక్కువేం కాదు. నేల మొక్కల హరితరేణువుల్లో పదకొండు ఎన్‌డీహెచ్ జన్యువులుంటాయి. ఫోటోసిస్టమ్ చుట్టూ ఎలక్ట్రాన్లను తిప్పే సంకీర్ణం వాటితో తయారవుతుంది. నెఫ్రోసెల్మిస్ ఒలివేసియా, మీసోస్టిగ్మా విరిడే వంటి ఏకకణ శైవలాల్లోనూ అవి ఉన్నాయి. క్లామిడోమోనాస్‌లో లేవు, కేంద్రకంలోనూ దొరకవు. ఎలక్ట్రాన్లను ప్లాస్టోక్వినోన్ అనే వాహక అణువుకు అందించే పనిని అక్కడ ఎన్‌డీఏ2 అనే ఒంటరి ప్రోటీన్ చేస్తోంది. దానికీ ఎన్‌డీహెచ్‌కూ వంశ సంబంధం లేదు. ఇక్కడ 'పోయింది' అని రాయడం నిజమే, పక్కన ఎన్‌డీఏ2 పేరు రాస్తేనే పూర్తి నిజం. చీకట్లో పత్రహరితం తయారు చేసే సీహెచ్‌ఎల్-బీ, సీహెచ్‌ఎల్-ఎల్, సీహెచ్‌ఎల్-ఎన్ జన్యువులూ అంతే. మూడూ కలిసి ఒకే ఎంజైమ్‌గా పని చేస్తాయి. క్లామిడోమోనాస్‌లో మూడూ ఉన్నాయి కాబట్టి చీకట్లోనూ పచ్చగా ఉంటుంది. యూగ్లినాలో లేవు, చీకట్లో పెంచితే తెల్లబోతుంది. పట్టికలో ఈ మూడింటిలో ఒకటి మాత్రమే ఖాళీగా కనిపిస్తే దాదాపుగా మన తప్పే అయి ఉంటుంది. ఒకటి లేకుండా మిగతా రెండింటికీ పనిలేదు, కాబట్టి అవి ఎక్కువ కాలం నిలవవు.

రుబిస్కో విషయంలో మార్పిడి మరీ దూరం పోయింది. ఎర్ర శైవలాల హరితరేణువులోని ఆర్‌బీసీ-ఎల్ సయనోబాక్టీరియా నుంచి వంశపారంపర్యంగా వచ్చింది కాదు, ప్రోటియోబాక్టీరియాల రకానికి చెందింది. పెరిడినిన్ ఉన్న డైనోఫ్లాజెల్లేట్లు దాన్ని కూడా వదిలేసి, ఇంకో రకం రుబిస్కోను కేంద్రకం నుంచే నడుపుతున్నాయి. వంశవృక్షం గీసేవాళ్లు ఇది మరిచిపోయి ఆర్‌బీసీ-ఎల్‌ను మిగతా జన్యువులతో కలిపి ఒకే వరుసగా కుడితే ఎర్ర శైవలాలు, వాటి నుంచి హరితరేణువు తెచ్చుకున్న డయాటమ్‌లు చెట్టులో తప్పు చోటికి లాగబడతాయి. ప్రతి జన్యువుకూ ముందు విడిగా చెట్టు గీసి, మిగతావాటితో గట్టిగా విభేదించే జన్యువును పక్కన పెట్టాకే అన్నిటినీ కలపాలి.

చెట్టు గీయడంలో ఇంకొక్క మాట. డీఎన్ఏ వరుసలతో పాత శాఖలను పోల్చవద్దు. మూడో కోడాన్ స్థానం ఎప్పుడో మార్పుల మీద మార్పులతో నిండిపోయి, ఏ-టీ ఎక్కువున్న జీవులన్నీ ఒక గుంపుగా చేరతాయి. ప్రోటీన్ వరుసలను మాఫ్ట్ ప్రోగ్రాంతో పేర్చి, చెట్టు గీసే ఐక్యూ-ట్రీ ప్రోగ్రాంలో సీ60 లాంటి మిశ్రమ నమూనాతో నడపండి. అప్పటికీ ఈ చిక్కు పూర్తిగా పోదు. ఏ-టీ వాటా మరీ పెరిగితే ఫినైల్‌అలనైన్, ఐసోల్యూసిన్, లైసిన్, ఆస్పరజిన్, టైరోసిన్‌ల వాటా కూడా పెరిగి, ప్రోటీన్ చెట్టులోనూ పొడవాటి కొమ్మలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అనుమానం వచ్చిన కొమ్మను తీసేసి మళ్లీ నడిపి, మిగతా చెట్టు కదులుతుందో లేదో చూడటం నేను నమ్మే పరీక్ష. కేంద్రక జన్యువుల చెట్టూ హరితరేణువు చెట్టూ కలవకపోతే కంగారు పడనక్కర్లేదు. యూగ్లినా హరితరేణువు పిరమిమోనాస్ అనే ఆకుపచ్చ శైవలం బంధువుల నుంచి వచ్చింది, కణం మాత్రం ఆ వంశానిది కాదు.

ఇక పట్టిక మొత్తం ఖాళీ అయ్యే సందర్భాలు. కిరణజన్య సంయోగక్రియ మానేసిన పోలిటోమా యువెల్లా, పోలిటోమెల్లా రెండూ క్లామిడోమోనాస్‌కు దగ్గరి చుట్టాలు. పోలిటోమాలో ఫోటోసిస్టమ్ జన్యువులు పోయినా జీనోమ్ 2,30,000 బేస్‌లు పైనే ఉంది, అంటే క్లామిడోమోనాస్ కంటే పెద్దది. పోలిటోమెల్లాలో జీనోమే లేదు. దీన్ని 2014లో ప్రకటించినప్పుడు, డీఎన్ఏ దొరకలేదన్న ఒక్క సాక్ష్యం మీద ఆగలేదు. హరితరేణువులో డీఎన్ఏను నకలు తీయడానికి, ఆర్ఎన్ఏ చేయడానికి, రైబోసోమ్ కట్టడానికి కేంద్రకం పంపాల్సిన ప్రోటీన్ల జన్యువులు కూడా లేవని చూపించారు. ఖాళీని రుజువు చేయడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు. జన్యువు లేదని చెప్పేటప్పుడు, దానితో మాత్రమే పని ఉన్న మిగతా ప్రోటీన్లూ లేవని చూపించాలి.

ఈ కథ మన నేల మీదికీ వస్తుంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్ దగ్గర బేగంపేటలో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ ప్లాస్మోడియం పూర్వీకులు ఎర్ర శైవలం నుంచి హరితరేణువు తెచ్చుకున్న ఏకకణ జీవులని తెలియడానికి ఇంకో వందేళ్లు పట్టింది. దాని కణంలో అవయవంగా మిగిలిన ఆ హరితరేణువు అవశేషంలో 35,000 బేస్‌ల వలయం ఇంకా ఉంది, అందులో ఏ-టీ వాటా సుమారు 86 శాతం. కిరణజన్య సంయోగక్రియ జన్యువు ఒక్కటీ లేదు, ఆకుపచ్చ మొక్కలు కేంద్రకానికి పంపేసిన టఫ్-ఏ మాత్రం అందులో ఉంది. ఇనుము-గంధకం గుంపులు కట్టే సఫ్-బీ కూడా ఉంది. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఈ అవయవంలోని బాక్టీరియా తరహా రైబోసోమ్‌ను అడ్డుకుంటుంది. పరాన్నజీవి వెంటనే చావదు, తర్వాతి చక్రంలో చస్తుంది. 2011లో రక్త దశలో ఉన్న ప్లాస్మోడియంకు ఐసోపెంటెనైల్ పైరోఫాస్ఫేట్ అనే ఒక్క పదార్థాన్ని మాధ్యమంలో కలిపి ఇచ్చి చూశారు. యాంటీబయాటిక్ వల్ల ఆ అవయవమూ దాని జీనోమూ పూర్తిగా పోయినా కణాలు పెరుగుతూనే ఉన్నాయి. ఆ పదార్థం తీసేస్తే చచ్చాయి. రక్త దశలో 35,000 బేస్‌ల ఆ వలయాన్ని నిలబెట్టి ఉంచుతున్న పని ఆ పదార్థం తయారీ ఒక్కటే.